వెయ్యి రూపాయల అలంకరణ వద్దన్న ఒకే ఒక్కడు: పూణే మున్సిపాలిటీలో జ్యోతిరావు ఫూలే

మున్సిపల్ కౌన్సిల్ మీటింగ్ కవర్ చేయమంటే మా రిపోర్టర్లలో ఎవరూ ఎగిరి గంతేయరు. ఎజెండాలో ఉండేవన్నీ చిన్న చిన్న సంగతులే. ఒక వార్డులో మోరీ పూడిక తీయాలి, ఇంకో గల్లీలో నల్లా పైపు పగిలింది, వీధి లైట్ల బిల్లు మంజూరు చేయాలి. నేను బీకాం చదివాను కాబట్టి లెక్కలు అర్థమవుతాయని ఆ మీటింగులన్నీ నాకే అప్పగిస్తారు. మొన్నామధ్య ఓ చిన్న పట్టణంలో అలాంటి మీటింగుకే వెళ్ళాను. ఎవరో పెద్దమనిషి వచ్చినప్పుడు కట్టిన స్వాగత తోరణాల బిల్లు రెండు నిమిషాల్లో పాసైపోయింది. ఓ బస్తీకి నీళ్ళ పైపు లైను వేయాలన్న అంశం మాత్రం నిధుల్లేవని వచ్చే నెలకు వాయిదా పడింది. ఇదేంటని అడిగినవాళ్ళు ఒక్కరూ లేరు.

ఇంటికొచ్చి వార్త రాస్తుంటే ఒక మనిషి గుర్తొచ్చారు. సరిగ్గా ఇలాంటి మీటింగులోనే, దాదాపు 145 ఏళ్ళ కిందట, సరిగ్గా ఇలాంటి ఖర్చు మీదే అడ్డం నిలబడ్డ మనిషి. ఆయనే మహాత్మా జ్యోతిరావు ఫూలే.

ఫూలే పేరు మనకు కొత్త కాదు. హైదరాబాద్‌లో ప్రజా భవన్‌కు ఆయన పేరే ఉంది. రెండు తెలుగు రాష్ట్రాల్లో బీసీ గురుకులాలకూ ఆయన పేరే. ఆడపిల్లలకు బడి పెట్టిన దంపతులుగా జ్యోతిరావునీ సావిత్రిబాయినీ అందరూ తలుచుకుంటారు. కానీ 1876 నుంచి 1882 వరకు ఆయన పూణే మున్సిపాలిటీలో సభ్యుడిగా కూర్చున్నారనే సంగతి చాలామందికి తెలియదు. నీళ్ళు, మోరీలు, మార్కెట్లు, సారా దుకాణాలు, స్వాగత ఏర్పాట్లు. ఆరేళ్ళపాటు ఆయన కూడా ఈ చిన్న సంగతుల మధ్యే ఉన్నారు.

పక్కింటి మున్షీ చెప్పిన మంచి మాట

జ్యోతిరావు 1827 ఏప్రిల్ 11న పుట్టారు. వాళ్ళది మాలీ కులం, అంటే పూలు, కూరగాయలు పండించే తోటపనివాళ్ళు. పీష్వాల కాలంలో కుటుంబం పూల వ్యాపారం చేసింది కాబట్టి ఫూలే అనే ఇంటిపేరు వచ్చింది. ఫూల్ అంటే ఏంటో ఉర్దూ తెలిసిన మన పాఠకులకు చెప్పక్కర్లేదు. తండ్రి గోవిందరావు. తల్లి చిమ్నాబాయి జ్యోతిరావు పసివాడిగా ఉన్నప్పుడే చనిపోయింది. సగుణాబాయి అనే బంధువు ఆయన్ని సాకింది.

కొన్నాళ్ళు బడికి పంపిన తండ్రి మధ్యలో మాన్పించేశారు. చదివితే పిల్లాడు పొలం పనికి పనికిరాకుండా పోతాడని ఎవరో ఆయన చెవిన వేశారు. పిల్లాడు తోటపనిలో పడ్డాడు. కథ అక్కడితో అయిపోవాల్సిందే. కానీ ఇరుగుపొరుగున ఉన్న ఇద్దరు ఊరుకోలేదు. ఒకరు గఫ్ఫార్ బేగ్ మున్షీ అనే ఫార్సీ పంతులు. ఇంకొకరు లిజిట్ అనే క్రైస్తవుడు. పిల్లాడికి మంచి బుర్ర ఉంది, తాలీమ్ ఆపొద్దని తండ్రికి నచ్చజెప్పారు. అలా 1841లో జ్యోతిరావు స్కాటిష్ మిషన్ బడిలో చేరారు. 1847 నాటికి ఇంగ్లిష్ చదువు పూర్తి చేశారు.

ఆ మున్షీ సాబ్ ఆ రోజు నాకెందుకులే అనుకుని ఉంటే ఏమయ్యేదో ఆలోచించండి. పక్కింటి పిల్లాడి చదువు గురించి అడిగిన ఒక్క మాట ఎంత దూరం పోయిందో చూడండి.

1848లో ఆయన ఓ బ్రాహ్మణ మిత్రుడి పెళ్ళి ఊరేగింపులో నడుస్తుంటే, శూద్రుడివి మాతో సమానంగా ఎలా నడుస్తావని అవమానించారు. ఆ దెబ్బ ఆయన్ని మార్చేసింది. అదే ఏడాది పూణే బుధ్వార్ పేటలో భిడే వాడాలో ఆడపిల్లల బడి తెరిచారు. భార్య సావిత్రిబాయి అక్కడ పంతులమ్మ. ఆమె బడికి నడిచి వెళ్తుంటే పేడ, బురద విసిరేవాళ్ళు. సంచిలో ఇంకో చీర పెట్టుకుని వెళ్ళేదట. ఊరి ఒత్తిడికి తలొగ్గి 1849లో తండ్రి ఆ దంపతుల్ని ఇంట్లోంచి పంపేశారు. అప్పుడు గంజ్ పేటలో ఉస్మాన్ షేక్ అనే ముస్లిం మిత్రుడు తన ఇంట్లో చోటిచ్చారని పూణేలో తరతరాలుగా చెప్పుకుంటారు. బడి పనిలో సావిత్రిబాయికి తోడుగా నిలిచిన ఫాతిమా పేరు సావిత్రిబాయి 1856లో భర్తకు రాసిన ఉత్తరంలోనే కనిపిస్తుంది. తాను పుట్టింట్లో జబ్బుపడి ఉంటే, అక్కడ ఫాతిమా మీద పని భారం పడుతోందని ఆమె ఆ ఉత్తరంలో బాధపడింది.

సొంత ఇంటి హౌజు నుంచి మొదలైన పని

మున్సిపాలిటీలోకి వెళ్ళడానికి ఎనిమిదేళ్ళ ముందు, 1868లో, ఫూలే ఒక పని చేశారు. తన ఇంటి నీళ్ళ హౌజును అంటరానివాళ్ళుగా చూడబడ్డ కులాల వాళ్ళకు తెరిచేశారు.

దీని విలువ తెలియాలంటే అప్పటి పూణేలో నీళ్ళ సంగతి తెలియాలి. పీష్వాల కాలంలో కట్రజ్ చెరువు నుంచి భూమి లోపల కాలువలు కట్టి ఊళ్ళోని హౌజులకు నీళ్ళు తెచ్చారు. ఇంజనీరింగ్ పరంగా గొప్ప పనే. కానీ హౌజు దగ్గర ఎవరు కుండ ముంచొచ్చు, ఎవరు ముంచకూడదు అన్నది కులం తేల్చేది. దళితులు ఎండలో నిలబడి ఎవరైనా దయతలచి పోస్తే పట్టుకోవాలి. అలాంటి ఊళ్ళో ఫూలే ముందు తన ఇంటి గేటు తెరిచారు, ఆ తర్వాతే ఊరి సంగతి అడిగారు. గంజ్ పేటలోని ఆ ఇల్లు ఇప్పటికీ స్మారకంగా ఉంది.

మెంబరు, వ్యాపారి, రైతు

ఫూలే అంటే చాలామంది జోలె సంచి సంస్కర్త అనుకుంటారు. కాదు, ఆయన వ్యాపారం తెలిసిన మనిషి. లోహం పోత పనులకు కావాల్సిన సామాను అమ్మే ఏజెన్సీ నడిపారు. పూనా కమర్షియల్ అండ్ కాంట్రాక్టింగ్ కంపెనీ పేరుతో కాంట్రాక్టులు చేశారు. ఖడక్‌వాస్లా డ్యామ్ కట్టేటప్పుడు మెటీరియల్ సప్లై చేశారు. పూణే దగ్గర మాంజ్రీలో పొలం ఉండేది. 1882లో ప్రభుత్వ విద్యా కమిషన్‌కు ఇచ్చిన వినతిపత్రంలో తన పరిచయం ఎలా రాసుకున్నారంటే, వ్యాపారి, రైతు, మున్సిపల్ కమిషనర్ అని. అప్పట్లో మున్సిపల్ సభ్యుల్ని కమిషనర్లు అనేవాళ్ళు. మహాత్మా అనే బిరుదు ఇంకా రాలేదు.

కాంట్రాక్టరుగా పని చేయడం వల్ల ఒక లాభం జరిగింది. పని ఎక్కడ జరుగుతుంది, బిల్లు ఎక్కడ పెరుగుతుంది, కూలీకి చేరేదెంత అన్నది ఆయన కళ్ళారా చూశారు. పబ్లిక్ వర్క్స్ శాఖలో కూలీల్ని ఎలా దోచుకుంటున్నారో తన రాతల్లో దుయ్యబట్టారు. అలాంటి మనిషి మున్సిపల్ లెక్కల ముందు కూర్చుంటే వేరేగా ఉంటుంది మరి.

ఆయన పోరాటానికి తెలుగువాళ్ళ చేయి కూడా ఉంది. 1873 సెప్టెంబర్ 24న ఫూలే సత్యశోధక్ సమాజ్ స్థాపించారు. బొంబాయిలో స్థిరపడి కాంట్రాక్టులు చేసుకునే తెలుగువాళ్ళు దానికి అండగా నిలిచారు. రామయ్య వెంకయ్య అయ్యవారు, నరసింగరావు సాయిబు వడ్నాల, జాయా కరాడీ లింగు లాంటి పేర్లు ఆ సమాజ్ చరిత్రలో కనిపిస్తాయి. సమాజ్‌కు ప్రింటింగ్ ప్రెస్ కొనిచ్చింది అయ్యవారే.

ఆ కౌన్సిల్ ఎలా ఉండేది?

1876లో ఫూలేను ప్రభుత్వం పూణే మున్సిపాలిటీకి నామినేట్ చేసింది. అప్పుడు ఎన్నికలు లేవు. సభ్యులు 30 మందికి పైగా, అందరూ నామినేటెడ్. అధికారులు, జమీందారులు, వకీళ్ళు, షావుకార్లు ఉండేవాళ్ళు. ఊరి జనాభా లక్షకు అటూ ఇటూ. మన లెక్కన ఇప్పుడు అదో చిన్న పట్టణమే.

మరి డబ్బు ఎక్కడి నుంచి వచ్చేది? బొంబాయి ప్రెసిడెన్సీ మున్సిపాలిటీలకు ముఖ్యమైన రాబడి ఆక్ట్రాయ్. ఊళ్ళోకి వచ్చే సరుకు మీద పొలిమేర దగ్గర వసూలు చేసే సుంకం అది. దాంతోపాటు ఇంటి పన్ను, పాకీ పనికి హలాల్‌ఖోర్ పన్ను ఉండేవి. హలాల్‌ఖోర్ అంటే కష్టపడి హలాల్ తిండి తినేవాడని అర్థం. ఊరి మురికి ఎత్తేవాళ్ళను ఆ పేరుతో పిలిచారు. పేరు గొప్పగా పెట్టారు గానీ, వాళ్ళ బస్తీకి నీళ్ళు మాత్రం ఇవ్వలేదు.

ఇక్కడ ఒక అకౌంట్స్ పాయింటు ఉంది. ఆక్ట్రాయ్ కట్టేది బండి తోలుకొచ్చిన వ్యాపారే అయినా, ఆ భారం చివరికి గింజలు కొనుక్కునే పేదవాడి మీదే పడుతుంది. మేడ ఉన్నవాడు తినేదీ గుడిసెలో ఉన్నవాడు తినేదీ అదే జొన్న. అంటే ఖజానా నింపడంలో పేదల వాటా తక్కువేం కాదు. ఖర్చులో వాళ్ళ వాటా ఎంత? ఫూలే ఆరేళ్ళపాటు వేర్వేరు అంశాల మీద అడిగింది, నాకు అర్థమైనంతవరకు, ఈ ఒక్క ప్రశ్నే.

కరువు, దర్బారు, వెయ్యి రూపాయలు

ఫూలే మెంబరైన ఏడాదే దక్కన్‌లో పెద్ద కరువు మొదలైంది. 1876 నుంచి 1878 వరకు బొంబాయి, మద్రాసు ప్రెసిడెన్సీల్లో లక్షల మంది చనిపోయారు. బళ్ళారి, కర్నూలు, కడప జిల్లాలు అల్లాడిపోయాయి. మన పెద్దలు ధాత కరువు అని చెప్పుకునేది దీన్నే. ఆ కరువులోనే, 1877 జనవరి 1న, వైస్రాయ్ లార్డ్ లిట్టన్ ఢిల్లీలో ఆడంబరంగా దర్బారు జరిపి విక్టోరియాను భారత సామ్రాజ్ఞిగా ప్రకటించారు. అదే 1877లో ఫూలే, ఆయన మిత్రులు పూణే దగ్గర ధనకవడిలో కరువు పిల్లల కోసం ఆశ్రమం తెరిచి అన్నం పెట్టారు.

మరుసటి ఏడాది లిట్టన్ దేశభాషా పత్రికల నోరు నొక్కే చట్టం తెచ్చారు. ఉర్దూ, మరాఠీ లాంటి భాషల పత్రికలు దాని కిందికే వచ్చాయి. ఇంగ్లిష్ పత్రికల జోలికి మాత్రం పోలేదు.

ఇక 1880లో అదే లిట్టన్ పూణే వస్తున్నారని తెలిసింది. ఊరిని అలంకరించడానికి మున్సిపాలిటీ నుంచి వెయ్యి రూపాయలు ఖర్చు చేద్దామని ప్రతిపాదన వచ్చింది. ఈ రోజుల్లో వెయ్యి అంటే నవ్వొస్తుంది. అప్పట్లో అది బడి నడిపేంత డబ్బు. ఫూలే లేచి వ్యతిరేకించారు. ఇది పన్ను కట్టేవాళ్ళ సొమ్ము, అలంకరణకు తగలేయడం కన్నా పేదల చదువుకు పెడితే మేలని ఆయన వాదన. ఓటింగ్ జరిగింది. 30 మందికి పైగా ఉన్న సభ్యుల్లో వ్యతిరేకంగా పడింది ఒక్క ఓటే. అది ఫూలేది.

ఆయన ఓడిపోయారు. తీర్మానం పాసైంది. కానీ ఒక్క విషయం గుర్తుపెట్టుకోవాలి. ఆయన్ని అక్కడ కూర్చోబెట్టింది ప్రజలు కాదు, ప్రభుత్వం. పదవి ఇచ్చిన ప్రభుత్వానికి అధిపతి అయిన వైస్రాయ్ స్వాగతానికే ఆయన అడ్డు చెప్పారు. నామినేటెడ్ పోస్టు అంటే తల ఊపడమే అనుకునే వాళ్ళకు ఇది పాఠం.

సారా దుకాణం, కూరగాయల మార్కెట్

అదే 1880లో ఇంకో గొడవ వచ్చింది. పూణేలో సారా దుకాణాలు పెరిగిపోయాయి. అబ్కారీ ఆదాయం ప్రభుత్వానికి తీపి. జూలైలో ఫూలే మున్సిపాలిటీ మేనేజింగ్ కమిటీ చైర్మన్‌కు ఉత్తరం రాశారు. జనం ఆరోగ్యం కోసమని మున్సిపాలిటీ శానిటేషన్ మీద ఇంత ఖర్చు పెడుతోంది. అదే జనం ఆరోగ్యాన్ని, ఇళ్ళను ఈ దుకాణాలు నాశనం చేస్తున్నాయి. ఒక చేత్తో కట్టి ఇంకో చేత్తో కూలగొడితే ఎలా అన్నది ఆ ఉత్తరం సారాంశం. ఈ రోజు మన బస్తీల్లో బడి పక్కన వైన్స్ పెడితే ఆడవాళ్ళు అడిగే ప్రశ్న కూడా ఇదే కదా.

ఆ తర్వాత మార్కెట్ వివాదం వచ్చింది. ఊళ్ళో పెద్ద మార్కెట్ భవనం కట్టాలని మున్సిపాలిటీ నిర్ణయించింది. ఫూలే దీన్నీ వ్యతిరేకించారు. ఇంత డబ్బు రాతి భవనానికి పోస్తే బడులకు ఏం మిగులుతుందన్నది ఆయన బాధ. ఈసారీ ఆయన మాట నెగ్గలేదు. భవనం 1886లో తెరుచుకుంది. గవర్నర్ లార్డ్ రే పేరు పెట్టి రే మార్కెట్ అన్నారు.

మార్కెట్ విషయంలో ఫూలే చెప్పిందంతా కరెక్టేనా? నాకైతే కొంచెం అనుమానమే. ఎండలో, వానలో రోడ్డు మీద కూర్చుని కూరగాయలు అమ్ముకునేవాళ్ళకు నీడ అవసరమే, అందులో ఫూలే సొంత మాలీ కులం వాళ్ళూ ఉండి ఉంటారు. ఆ భవనం ఇప్పటికీ పనికొస్తోంది కూడా. కానీ ఆయన తన వాళ్ళకు షాపులొస్తాయా అని చూడలేదు. పిల్లల చదువు ముందు అన్న లెక్క మీదే నిలబడ్డారు. ఆయనతో విభేదించినా ఆ నిజాయితీని కాదనలేం.

1882లో విద్యా కమిషన్ ముందు కూడా ఆయన ఇదే లెక్క పెట్టారు. పిల్లలకు కనీసం 12 ఏళ్ళ వరకు ప్రాథమిక విద్య తప్పనిసరి చేయాలని, పట్టణాల్లో ప్రాథమిక బడుల ఖర్చు మున్సిపాలిటీలు భరించాలని అడిగారు. ఉచిత నిర్బంధ విద్య హక్కుగా మన చట్టంలోకి రావడానికి 2009 దాకా ఆగాల్సి వచ్చింది.

ఆ ఏడాదితో ఆయన సభ్యత్వం ముగిసింది. అదే 1882లో కొత్త వైస్రాయ్ లార్డ్ రిపన్ స్థానిక సంస్థల్లో ఎన్నికల పద్ధతికి దారి తీశారు. అయినా ఓటు ఆస్తి, పన్ను ఉన్నవాళ్ళకే దక్కింది.

పొలం బట్టల్లో విందుకు

పదవి పోయినా ఆయన పద్ధతి మారలేదు. 1888లో విక్టోరియా కొడుకు డ్యూక్ ఆఫ్ కన్నాట్ పూణేలో ఓ విందుకు వచ్చారు. నగరంలోని ప్రముఖులంతా నగలు, జరీ బట్టలతో వచ్చారు. ఫూలే మాత్రం చిరిగిన రైతు బట్టల్లో వచ్చారు. ఇక్కడ మెరుస్తున్నవాళ్ళను చూసి దేశం ఇదే అనుకోవద్దని, అసలు జనం ఊళ్ళలో ఉన్నారని, వాళ్ళ పిల్లలకు చదువు కావాలని రాకుమారుడి ముఖం మీదే చెప్పారు. ఆ ఏడాది మే 11న బొంబాయి మాండ్వీలో జరిగిన సభలో జనం ఆయనకు మహాత్మా అని బిరుదిచ్చారు.

ఆ తర్వాత పక్షవాతం వచ్చి కుడి చేయి పడిపోయింది. ఎడమ చేత్తో రాయడం నేర్చుకుని చివరి పుస్తకం పూర్తి చేశారు. ఒకప్పుడు కాంట్రాక్టులు చేసిన మనిషి ఇంట్లో డబ్బుకు ఇబ్బంది పడే రోజులొచ్చాయి. సాయం చేయమని మిత్రులు బరోడా మహారాజుకు ఉత్తరం రాయాల్సి వచ్చింది. మున్సిపాలిటీలో ఆరేళ్ళున్నా ఆయన వెనకేసుకున్నదేమీ లేదని దీన్నిబట్టే తెలుస్తుంది.

1890 నవంబర్ 28న ఫూలే కన్నుమూశారు. తనను దహనం చేయొద్దని, ఉప్పు వేసి పూడ్చిపెట్టాలని వీలునామాలో రాసుకున్నారు. ఇంటి వెనక గుంత కూడా తవ్వించి పెట్టారు. కానీ జనం ఉండే చోట పూడ్చడానికి మున్సిపల్ అధికారులు అనుమతి ఇవ్వలేదు. ఏ మున్సిపాలిటీలో ఆయన ఆరేళ్ళు కూర్చున్నారో అదే మున్సిపాలిటీ నిబంధన ఆయన ఆఖరి కోరికకు అడ్డొచ్చింది. శ్మశానంలో సావిత్రిబాయే ముందు నడిచి చితికి నిప్పు పెట్టింది. ఏడేళ్ళ తర్వాత, 1897లో పూణేలో ప్లేగు వ్యాపించినప్పుడు, ఆమె రోగుల్ని దత్తపుత్రుడు డాక్టర్ యశ్వంత్ దవాఖానాకు చేర్చింది. ఆ జబ్బు తనకే అంటి మార్చి 10న చనిపోయింది.

మరి ఆ రే మార్కెట్ ఏమైంది? దేశానికి స్వాతంత్ర్యం రాకముందే దాని పేరు మార్చారు. ఈ రోజు పూణే వెళ్తే అక్కడి బోర్డు మీద మహాత్మా ఫూలే మండై అని కనిపిస్తుంది. కట్టొద్దన్న మనిషి పేరే చివరికి ఆ భవనానికి మిగిలింది. స్వాగతం పలికించుకున్న లిట్టన్ పేరు, కరువు ప్రస్తావన వస్తే తప్ప, ఎవరికీ గుర్తు లేదు.

ఆ రోజు 30 మందికి పైగా సభ్యులు చేయెత్తి ఉంటారు. వాళ్ళ పేర్లు ఎవరికీ పట్టవు. ఓడిపోయిన ఒక్క ఓటు మాత్రం మనదాకా వచ్చింది. మన వార్డు మెంబర్లకు ఇప్పుడు నామినేషన్ భయం లేదు, పై అధికారి దయ అక్కర్లేదు. మన ఓట్లతో గెలిచారు. మన హిసాబు అడిగే హక్కు వాళ్ళకుంది, వాళ్ళను అడిగే హక్కు మనకుంది. మీ వార్డులో ఈ ఏడాది నీళ్ళకెంత, మోరీలకెంత, తోరణాలకెంత ఖర్చయిందో ఒక్కసారి అడిగి చూడండి.

నేను కవర్ చేసిన ఆ పట్టణంలో వచ్చే నెల మళ్ళీ మీటింగ్ ఉంది. ఆ బస్తీ పైపు లైను ఎజెండాలో ఉంటుందో లేదో తెలియదు. నేనైతే వెళ్తున్నాను.